ఇంజిన్ సరే, అతుకు మాటేమిటి?

గౌరవనీయ సంపాదకులకు,

యూరప్ తన సొంత రాకెట్‌లో, సొంత నౌకలో మనిషిని అంతరిక్షానికి పంపి ఉంటే చరిత్ర ఎలా నడిచేదో ఊహిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. జరగని చరిత్రను రాయడం మంచి ఆటే. కానీ ఎక్కడ మలుపు తిప్పామన్నదే ఆ ఆటకు ప్రాణం. వ్యాసకర్త తిప్పిన చోటు తప్పు. బ్రిటన్ ఇంజిన్లు బలహీనమవడం వల్లే యూరోపా రాకెట్ విఫలమైందనీ, అవి గట్టివైతే 1975కల్లా యూరప్ మనిషి కక్ష్యలో ఉండేవాడనీ ఆయన కథ కట్టారు. రామప్ప గుడి పునాదిలో ఇసుకైనా ఉంది, ఈ కథకు అదీ లేదు.

యూరోపాను కట్టిన సంస్థ పేరు ఎల్డో, రాకెట్ కోసం కొన్ని దేశాలు కలిసి పెట్టుకున్నది. ఒప్పందంపై 1962లో సంతకాలయ్యాయి, 1964లో అమల్లోకి వచ్చింది. పంపకం ఇలా జరిగింది: మొదటి దశ బ్లూ స్ట్రీక్ బ్రిటన్‌ది, రెండో దశ కోరలి ఫ్రాన్స్‌ది, మూడో దశ ఆస్ట్రిస్ పశ్చిమ జర్మనీది. ప్రయోగాత్మక ఉపగ్రహాలు ఇటలీ వంతు, భూమ్మీది మార్గదర్శక కేంద్రం బెల్జియం వంతు, ఎగిరే రాకెట్ నుంచి సమాచారం అందుకునే టెలిమెట్రీ నెదర్లాండ్స్ వంతు. ఎగరేసే మైదానం ఆస్ట్రేలియాలోని వూమెరా. పారిస్‌లో ఎల్డో సచివాలయం ఉండేది గానీ, ఏ కంపెనీకి ఏ కాంట్రాక్టు ఇవ్వాలో చెప్పే అధికారం దానికి లేదు. ఏ దేశం డబ్బు ఆ దేశం తన కంపెనీలకే ఇచ్చుకునేది.

ఇక ఆ ‘బలహీనమైన’ బ్లూ స్ట్రీక్ సంగతి. రెండు ఆర్‌జెడ్-2 ఇంజిన్లు, కిరోసిన్, ద్రవ ఆక్సిజన్, రెండింటికీ కలిపి 130 టన్నులకు పైగా థ్రస్ట్, అంటే పైకి నెట్టే బలం. 1964 జూన్‌లో మొదటిసారి ఎగిరినప్పుడు చివరి క్షణాల్లో ట్యాంకులో మిగిలిన ఇంధనం అటూ ఇటూ కొట్టుకుని రాకెట్ ఊగింది, ఇంజిన్లు కొన్ని సెకన్లు ముందే ఆగాయి. సగం నిండిన నీళ్ల ట్యాంకరును ట్రాక్టరు మలుపు తిప్పినప్పుడు వెనక ఎలా ఊగుతుందో చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వూమెరాలో ఎగిరిన ప్రతిసారీ మొదటి దశ తన పని తాను చేసింది. ఒకసారి మాత్రం, 1966 మేలో, రాకెట్ దారిలోనే ఉన్నా పక్కకు పోతోందని కింది పరికరాలు తప్పుగా చూపడంతో ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. అందులోనూ ఇంజిన్ తప్పేం లేదు.

మరి పడిపోయిందెక్కడ? 1967 ఆగస్టులో కోరలి వెలగలేదు. అదే డిసెంబరులో కోరలి అసలు విడిపోనేలేదు. 1968 నవంబరులోనూ, 1969 జులైలోనూ ఆస్ట్రిస్ వంతు వచ్చేసరికే కథ ముగిసింది. 1970 జూన్‌లో మూడు దశలూ మండాయి, కానీ ఉపగ్రహం మీది తొడుగు ఊడలేదు. మొదటి దశలో ఒక కిలో బరువు పెరిగితే కక్ష్యకు చేరే బరువులో పోయేది దాదాపు పదో వంతే. అదే చివరిదాకా మోయాల్సిన తొడుగైతే కిలోకు కిలో పోయినట్టే. ఉపగ్రహం కక్ష్యకు చేరకుండానే కిందికొచ్చింది. 1971 నవంబరు 5న ఫ్రెంచ్ గయానాలోని కౌరు నుంచి యూరోపా-2 లేచింది. పైభాగంలో పోగైన స్థిర విద్యుత్తు ఒక్కసారిగా విడుదలై మార్గదర్శక కంప్యూటర్ చచ్చుబడింది. సుమారు రెండున్నర నిమిషాలకు రాకెట్ ముక్కలైంది. దాని తర్వాత ఎగరాల్సిన రాకెట్ కౌరు దాకా వెళ్లింది కానీ, 1973లో కార్యక్రమమే రద్దయింది. ఆ బ్లూ స్ట్రీక్ ముక్క కొన్నాళ్లు గయానాలో కోళ్ల గూడుగా పనికొచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు కదా, తుప్పు పట్టదు.

ఈ వరుసంతా చూస్తే తప్పులన్నీ ఒకరి పెట్టె ఆగి ఇంకొకరి పెట్టె మొదలయ్యే చోటే ఉన్నాయి: విడిపోవాల్సిన చోట, వెలగమని తీగ ద్వారా ఆజ్ఞ అందాల్సిన చోట, ఎర్తింగ్ ఎవరు చూడాలో తేలని చోట. కాజీపేట యార్డులో బండికి ఇంజిన్ తగిలించేటప్పుడు చూడండి. కప్లింగ్ పడగానే పని అయిపోదు. బ్రేకు పైపు గొట్టం కలపాలి, రెండు వైపులా యాంగిల్ కాక్ అనే గాలి కుళాయి తెరవాలి, ఇంజిన్ దగ్గర 5 కిలోల ఒత్తిడి పెడితే చివరి బ్రేక్‌వ్యాన్‌లో గార్డు దగ్గరున్న గేజీ దాకా అది వచ్చిందో లేదో చూడాలి. మధ్యలో ఒక్క కాక్ మూసి ఉంటే ఆ వెనకున్న పెట్టెలన్నిటికీ బ్రేకు ఉండదు. ఇంజిన్ దివ్యంగా ఉంటుంది, పెట్టెలూ దివ్యంగా ఉంటాయి, బండి మాత్రం ఆగదు. ఎల్డోలో ఆ గార్డు గేజీ ఎవరి చేతిలోనూ లేదు. ఆస్ట్రిస్ ఒక్కదాన్నే రెండు జర్మన్ కంపెనీలు పంచుకున్నాయి. చివరికి విచారణ జరిపినవారు ఎత్తి చూపిందీ విద్యుత్ అనుసంధానాన్నీ, బాధ్యుడు లేని యాజమాన్యాన్నీనే. తిలాపాపం తలా పిడికెడు.

కాబట్టి చరిత్ర మలుపు తిప్పాలనుకుంటే ఇంజిన్ జోలికి పోకండి. 1962 ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చండి: మూడు దశలూ ఎవరు చేసినా, అతికించి, పరీక్షించి, సరేనని సంతకం పెట్టేది ఒకే ఒక సంస్థ అని. ఇది గాలిలో మేడ కాదు. 1973 జులై 31న బ్రస్సెల్స్‌లో యూరోపా తర్వాతి రాకెట్ ఏరియన్‌కు ఆమోదం దొరికినప్పుడు యూరప్ సరిగ్గా ఇదే చేసింది. ఖర్చులో 60 శాతానికి పైగా ఫ్రాన్స్ మోసింది, పెత్తనం ఫ్రెంచ్ అంతరిక్ష సంస్థ చేతికొచ్చింది. 1979 డిసెంబరు 24న ఏరియన్ తన తొలి ప్రయోగంలోనే కక్ష్యకు చేరింది. అదే వాక్యం పదకొండేళ్లు ముందు రాసి ఉంటే 1968లోనో 1969లోనో యూరోపా కూడా చేరేదనుకోవడం అత్యాశ కాదు.

అయితే అక్కడి నుంచి మనిషి దాకా దూకడం అంత తేలిక కాదు. వ్యాసకర్త లెక్క వేయని చోటు ఇదే. వూమెరా నుంచి యూరోపా దిగువ కక్ష్యకు మోయగలిగేది ఒక టన్ను చిల్లర. అమెరికా వాళ్ల మెర్క్యురీ క్యాప్సూల్ కక్ష్యలో సుమారు 1,350 కిలోలు, ఇద్దరు పట్టే జెమినీ సుమారు 3,800 కిలోలు, రష్యా వోస్టాక్ సుమారు 4,700 కిలోలు. అంటే ఒక్క మనిషిని ముడుచుకుని కూర్చోబెట్టే మెర్క్యురీయే యూరోపాకు మించిన బరువు. కౌరుకు మారితే కొంత కలిసొస్తుంది. భూమధ్యరేఖకు 5 డిగ్రీల దూరంలో ఉంది కాబట్టి తూర్పుకు ఎగిరితే భూభ్రమణం నుంచే సెకనుకు 460 మీటర్ల వేగం ఊరికే వస్తుంది. వూమెరాలో జనావాసాల మీదుగా పోకుండా ఉత్తరానికి ఎగరాల్సి వచ్చేది కాబట్టి ఆ లాభం లేదు. మిగతా లోటు పూడ్చాలంటే పైన హైడ్రోజన్ దశ కావాలి. రోల్స్ రాయిస్ 1960లలోనే హైడ్రోజన్ ఇంజిన్ మీద పని చేసింది. ఆ విత్తనం ఉంది, నీళ్లు పోసినవారు లేరు.

బరువు సర్దుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. బ్లూ స్ట్రీక్ ట్యాంకు గోడ మందం దాదాపు అర మిల్లీమీటరు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపే అది నిటారుగా నిలబడుతుంది. మూత తీయని కూల్‌డ్రింక్ డబ్బా మీద నిలబడొచ్చు, మూత తీసి తాగేశాక బొటనవేలితో నొక్కినా సొట్ట పడుతుంది, అదీ తేడా. అమెరికా అట్లాస్ కూడా ఇదే రకం. 1960 జులైలో మనిషి లేకుండా మెర్క్యురీ క్యాప్సూల్‌ను అట్లాస్ మీద పెట్టి ఎగరేస్తే, నిమిషం నిండకముందే మెడ దగ్గర పలచటి రేకు చిరిగి ముక్కలైంది. తర్వాతి రాకెట్‌కు ఆ చోట స్టీలు పట్టీ చుట్టి ఎగరేశారు, ఆ పైవాటికి రేకే మందంగా చేశారు. అట్లాస్‌లో ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థ ఒకటి వేరుగా పెట్టారు. ట్యాంకుల ఒత్తిడి, ఇంజిన్ ఒత్తిడి, రాకెట్ గిర్రున తిరిగే వేగం, కరెంటు సరఫరా వంటి వాటి మీద అది కన్నేసి ఉంచుతుంది. ఏ ఒక్కటి గీత దాటినా మనిషి ఆలోచించే లోపే క్యాప్సూల్‌ను లాక్కుపోయే టవర్‌లోని చిన్న రాకెట్‌ను వెలిగిస్తుంది. 1961 ఏప్రిల్‌లో అట్లాస్ దారి తిప్పుకోకుండా నిట్టనిలువుగా పోతుంటే రాకెట్‌ను పేల్చేశారు, టవర్ క్యాప్సూల్‌ను కాపాడింది.

యూరోపా మీద ఈ వ్యవస్థ పెట్టాలంటే దాని తీగలు బ్రిటిష్ దశలోంచి ఫ్రెంచ్ దశలోకి, అక్కడి నుంచి జర్మన్ దశలోకి, చివరికి క్యాప్సూల్‌లోకి వెళ్లాలి. తొడుగు ఊడమని చెప్పే ఒక్క ఆజ్ఞే సరిగా అందని చోట ఈ తీగల్ని నమ్ముకుని ఏ దేశం తన పైలట్‌ను కూర్చోబెడుతుంది? మా అంచనాలో 1975 అసాధ్యం.

అసలైన అవకాశం ఏరియన్-4 దగ్గర ఉంది. వ్యాసంలో దాని పేరే రాలేదు. 1988 నుంచి 2003 దాకా 116 సార్లు ఎగిరి 113 సార్లు గెలిచిన రాకెట్ అది. నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లు తగిలించిన రకం దిగువ కక్ష్యకు సుమారు 7 టన్నులు మోయగలదు. సోయజ్ నౌక బరువు కూడా అంతే. 1987లో బ్రిటిష్ ఏరోస్పేస్ ఒక రెక్కల్లేని క్యాప్సూల్‌ను ప్రతిపాదించింది కూడా. దీనికి మలుపు తిప్పే చోటు 1987 నవంబరు, హేగ్‌లో యూరప్ మంత్రుల సమావేశం. ఆ రోజు వాళ్లు క్యాప్సూల్‌ను కాదని హెర్మెస్ అనే రెక్కల విమానానికి తలూపారు.

ఏరియన్ వైఫల్యాలను మాత్రం రాకెట్ కళ్లతో కాకుండా క్యాప్సూల్‌లో కూర్చున్నవాడి కళ్లతో చూడాలి. రెండూ ఒకటి కావు. 1985 సెప్టెంబరులోనూ, 1986 మేలోనూ ఏరియన్ మూడో దశ వెలగలేదు. ఉపగ్రహాల యజమానులకు అది సర్వనాశనం. మనిషికి మాత్రం ఒళ్లు హూనమయ్యే ప్రయాణం, అంతే. క్యాప్సూల్ విడిపోయి అట్లాంటిక్‌లో పడుతుంది. 1975 ఏప్రిల్‌లో సోయజ్ పై దశ సరిగా విడిపోక ఇద్దరు వ్యోమగాములు 20కి పైగా జీల భారం, అంటే తమ బరువుకు 20 రెట్లకు మించిన ఒత్తిడి, భరించి సైబీరియా మంచులో దిగారు, బతికారు. 1980 మేలో ఏరియన్ రెండో ప్రయోగంలాంటిది వస్తేనే అసలు గండం. లేచిన కాసేపటికే మొదటి దశలోని వైకింగ్ అనే ఇంజిన్లలో ఒకదానిలో మంట అదుపు తప్పి కంపించడం మొదలైంది, రాకెట్ సముద్రం పాలైంది. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌ను మార్చి, ఇంధనంలో హైడ్రజీన్ హైడ్రేట్ పాళ్లు కలిపి యూహెచ్-25గా చేశాకే ఆ జబ్బు కుదిరింది. తర్వాతి ప్రయోగం 1981 జూన్ 19న. మన యాపిల్ ఉపగ్రహం పైకి వెళ్లింది దాంట్లోనే. మీ వ్యాసం యాపిల్‌ను మొదటి ఏరియన్‌కు ముడిపెట్టింది, అది మూడోది.

1990 ఫిబ్రవరి 22 నాటి ప్రయోగం గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మనిషిని ఎక్కించాలనుకునేవాడు గోడకు తగిలించుకోవాల్సిన పటం అది. వైకింగ్ ఇంజిన్‌లో పంపులను తిప్పే టర్బైన్‌కు వేడి వాయువు కావాలి. గ్యాస్ జనరేటర్‌లో పుట్టే ఆ వాయువు వేడి టర్బైన్ రెక్కలు తట్టుకోలేనంత ఉంటుంది. అందుకని దానిలోకి నీళ్లు చిమ్మి చల్లారుస్తారు. రాకెట్‌లో ఇంధనం, ఆక్సీకారి కాకుండా నీళ్ల ట్యాంకు కూడా ఉండటానికి కారణమిదే. ఆ రోజు మొదటి దశలోని ఒక ఇంజిన్‌కు నీళ్లు వెళ్లే గొట్టంలో ఓ గుడ్డ ముక్క ఉండిపోయింది. తుడవడానికి వాడే మామూలు గుడ్డ. నీళ్లు తగ్గాయి, లేచిన కొద్ది సెకన్లకే ఆ ఇంజిన్ బలం పడిపోయింది. మిగతా ఇంజిన్లు మూతులు పక్కకు తిప్పుకుంటూ ఒరిగిపోకుండా కాచుకొచ్చాయి. తిప్పడానికి ఒక హద్దుంటుంది కదా. ఆ హద్దు అయిపోగానే రాకెట్ పక్కకు వాలి, గాలి దెబ్బకు విరిగి, నూరు సెకన్లు దాటగానే పేలిపోయింది. రెండు జపాన్ ఉపగ్రహాలు పోయాయి.

దాని పైన క్యాప్సూల్ ఉంటే? మా ఉద్దేశంలో మనిషి బతికేవాడు. లోపం తెలిసినప్పటి నుంచి రాకెట్ విరిగేదాకా నిమిషంన్నర వ్యవధి దొరికింది. ఏరియన్ ఇంధనాలు ఒకదానికొకటి తగలగానే మండుతాయి కాబట్టి కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ ముందు కలిసి తర్వాత పేలినట్టు ఒక్కసారిగా పేలవు. విస్ఫోటం కన్నా మంటే ఎక్కువ. అలాంటి ఇంధనాలే ఉన్న అమెరికా టైటాన్ రాకెట్ మీద జెమినీకి టవర్ బదులు ఎగిరిపడే సీట్లు చాలనుకున్నది అందుకే. ఆక్సీకారిగా వాడే నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఎర్రటి పొగ మాత్రం విషం. క్యాప్సూల్ గాలికి ఎదురుగా పోయి దిగేలా ఏర్పాటు ఉండాలి.

హెర్మెస్ గురించి క్లుప్తంగా చాలు. మొదట ఆరుగురు అన్నారు. 1986 జనవరిలో అమెరికా షటిల్ చాలెంజర్ పేలాక తప్పించుకునే ఏర్పాటు కావాలన్నారు, బరువు పెరిగింది, సిబ్బంది ముగ్గురయ్యారు. విమానం బరువు పెరిగిన కొద్దీ దాన్ని మోయాల్సిన ఏరియన్-5ను పెంచాలి, పెంచిన కొద్దీ ఖర్చు. 1992కల్లా ఆ ఆట ముగిసింది. హెర్మెస్ కోసం పెద్దది చేసిన ఏరియన్-5 మాత్రం మిగిలింది. 1996 జూన్ 4న దాని మొదటి ప్రయోగంలో ఏం జరిగిందో సాఫ్ట్‌వేర్ పిల్లలకు పాఠంగా చెబుతున్నారు గానీ, సగమే చెబుతున్నారు. ఏరియన్-4 నుంచి తెచ్చిన దిక్సూచి పరికరంలో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి కుదించే చోట 32,767 దాటిన విలువ వచ్చింది. కొత్త రాకెట్ మొదటి సెకన్లలోనే పక్కకు వేగంగా పోతుంది కాబట్టి ఆ విలువ పెద్దదైంది. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ లెక్క రాకెట్ లేచాక ఎందుకూ పనికిరాదు. పాత రాకెట్‌లో కౌంట్‌డౌన్ ఆగితే మళ్లీ మొదలుపెట్టడానికి వీలుగా ఉంచిన ముక్క అది, 40 సెకన్ల దాకా అలా నడుస్తూనే ఉంది. తప్పు రాగానే పరికరం ఆగిపోయి, ‘నేను చెడిపోయాను’ అనే నివేదికను అదే తీగ మీద పంపింది. ప్రధాన కంప్యూటర్ ఆ నివేదికను రాకెట్ ఒరుగుదల లెక్క అనుకుని నాజిళ్లను పూర్తిగా తిప్పేసింది. అదనంగా పెట్టిన రెండో పరికరం? అందులోనూ అదే ప్రోగ్రాం, అందుకే 72 మిల్లీసెకన్లు ముందే పోయింది. ఒకే వంగడం రెండు మడుల్లో నాటినంత మాత్రాన తెగులు నుంచి రక్షణ రాదు. 1967 నాటి తీగ అతుకు 1996లో ప్రోగ్రాం అతుకైంది.

ఆ తర్వాతి కథ మరీ విచిత్రం. 1998 అక్టోబరులో యూరప్ 2.8 టన్నుల క్యాప్సూల్‌ను ఏరియన్-5 మీద పంపి, వేడి కవచంతో భద్రంగా పసిఫిక్‌లో దింపింది. 2008 నుంచి 2014 దాకా సరుకు మోసే 20 టన్నుల తరగతి ఏటీవీ నౌకలు ఐదింటిని అంతరిక్ష కేంద్రానికి పంపింది, అవి వాటంతటవే వెళ్లి అతుక్కున్నాయి. వ్యోమగాములు లోపలికి వెళ్లి పని చేసుకున్నారు. తిరిగొచ్చే ముక్క ఒకచోట, వెళ్లి అతుక్కునే ముక్క ఇంకోచోట. రెండూ చేతిలో ఉండి కూడా కలపలేదు. ఏటీవీ విద్య ఇవాళ అమెరికా ఓరియన్ నౌకకు సర్వీస్ మాడ్యూల్‌గా పని చేస్తోంది. 2022 నవంబరులో ఆర్టెమిస్-1తో చంద్రుడి దాకా వెళ్లొచ్చింది.

మీ వ్యాసం చివర్లో ‘వైకింగ్ ఇంజిన్ మ్యూజియానికి చేరింది’ అన్నారు. అది సరిదిద్దండి. ఎల్డో తలపెట్టిన యూరోపా-3 కోసం మొదలైన ఆ ఇంజిన్ ఏరియన్‌కు వచ్చింది. 1974 ఒప్పందం ప్రకారం ఇస్రో ఇంజినీర్లు ఫ్రాన్స్‌లోని వెర్నాన్‌లో దాని మీద పని చేశారు. ఇస్రో సుమారు వంద మంది ఒక ఏడాది చేసే పనికి సమానమైన శ్రమ ఇచ్చి, బదులుగా ఆ విద్య తెచ్చుకుంది. మన వికాస్ ఇంజిన్ అదే. పీఎస్ఎల్‌వీ రెండో దశలో ఉంది, మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం-3లో ఎల్-110 అనే ద్రవ ఇంధన దశలో రెండున్నాయి. 2021 జులైలో మహేంద్రగిరిలో గగన్‌యాన్ కోసం దాన్ని ఏకబిగిన 240 సెకన్లు మండించి చూశారు.

కానీ కౌరుకూ శ్రీహరికోటకూ ఒక తేడా ఉంది, జరగని చరిత్ర రాసేవారు ఇది గమనించాలి. ఏరియన్ మొదటి దశలోని వైకింగ్‌లను నేల మీదే వెలిగించి, కొన్ని సెకన్లు పట్టి ఉంచి, అన్నీ సరిగా ఉన్నాయని చూశాకే రాకెట్‌ను వదిలేవారు. ఎల్‌వీఎం-3లో ముందు రెండు ఎస్-200 ఘన బూస్టర్లు రాకెట్‌ను పైకి లేపుతాయి. వికాస్‌లు వెలిగేది సుమారు 110 సెకన్లకు, గాలిలో. ఆ క్షణంలో వెలగమనే ఆజ్ఞ తీగల్లోంచి సరిగా అందాలి, పట్టి చూసుకునే వెసులుబాటు అక్కడ ఉండదు.

ఇట్లు,
రాకెట్ విజ్ఞానంపై ఆసక్తి గల కొందరు పాఠకులు,
హనుమకొండ